ఏటికి ఇటు విలన్

రాజమండ్రిలో బస్సెక్కిన పల్లంరాజు వంతెన సగం దాటేదాకా నవ్వుమొహంతోనే ఉంటాడు. కొవ్వూరు గట్టు కనబడగానే మీసం దువ్వి, కనుబొమలు ముడేసి, పక్క సీటువాణ్ణి కూడా ఉరిమి చూస్తాడు. డెబ్బై ఆరేళ్లొచ్చినా ఈ అలవాటు పోలేదు. డేరా కుస్తీల రోజుల్లో ఏ గట్టు వస్తాదు ఆ గట్టున గెలవాలన్నది కంపెనీ కట్టడి. ఎవరు పడాలో డేరా వెనకాలే తేలిపోయేది. రాజమండ్రిలో పల్లంరాజు గెలిచేవాడు. కొవ్వూరులో మాత్రం అక్కడి వస్తాదు గంగాధర్ కళ్లలో ఇసుక కొట్టి, జనంచేత తిట్లు తిని, చివరికి వెల్లకిలా పడేవాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులని వాళ్ల భార్యలకు తప్ప ఎవరికీ తెలియదు. కొవ్వూరు రేవు దగ్గర టీకొట్టు వీరదుర్గ ఇప్పటికీ అతని ముందు గ్లాసు విసురుగా పెడుతుంది. ఆ విసురుకే అతను లోలోపల మురిసిపోతాడు.

మొన్న కార్తీక సోమవారం స్నానానికి దిగుతూ గంగాధర్ మోకాళ్లు వణికి మెట్ల మధ్యలో ఆగిపోయాడు. పల్లంరాజు గబగబా వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

“వదులెహె, జనం చూస్తున్నారు,” అన్నాడు గంగాధర్ పెదవి కదపకుండా.

“వదిలితే పడతావురా.”

పల్లంరాజు ఒక్క క్షణం ఆలోచించి, ఆ చేతిని మెలిపెట్టినట్టు వెనక్కి పట్టి, రెండో చెయ్యి నడుం చుట్టూ బిగించి, పళ్లు కొరికి తిడుతూ ఒక్కో మెట్టే దింపాడు.

“ఇంత వయసొచ్చినా ఆ పగేంటండి, పెద్దాయన్ని వదిలెయ్యండి,” అని వీరదుర్గ కొట్టులోంచి కేకేసింది.

నీళ్లు పాదాలకు తగిలాక గానీ పల్లంరాజు పట్టు సడలించలేదు.

“పోయేటప్పుడు ఇంకాస్త గట్టిగా తిట్టు,” అని గొణిగాడు గంగాధర్. “మళ్లీ పైకెక్కాలి కదా.”