మాఘ అమావాస్య, తొమ్మిదింబావు వరకు

మా వియ్యపురాలు సముద్రం చూడలేదు. హత్నూర దగ్గర పల్లెలో పుట్టి, పక్క ఊరికే కోడలిగా వెళ్లి, అరవై దాటేదాకా మంజీరను మించిన నీళ్లు ఎరగకుండా గడిపింది. పంట చేతికి రాగానే తీసుకెళ్తానని ఆవిడ భర్త ఏటా అనేవాడట. పంటలు వచ్చాయి, పోయాయి, చివరికి ఆయనా పోయాడు. ఇప్పుడు రెండు మోకాళ్లూ మార్చాల్సిందేనని డాక్టరు తేల్చాడు. ఆపరేషన్‌కు రోజు కూడా ఇచ్చాడు. అది విన్నాక ఆవిడ అడిగింది ఒకటే.

"కాళ్లు కోసెటోళ్లు ఎప్పుడన్న కోస్తరు. అంతకంటె ముందుగాల ఒక్కపారి నన్ను సముద్రంల ముంచుకొని రాండ్రి. తర్వాత ఈ మోకాళ్లు ఎట్లుంటయో, నేనెట్లుంటనో."

బీరంగూడలో మా ఇంటి హాల్లో, నా ఎదురుగా కూర్చుని ఈ మాట అంది. అంటే నన్ను అడిగినట్టే. ఎందుకంటే సముద్రం నాది. మా ఆయనకు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చి, గోదావరి కడలిలో కలిసే చోటి ఊరు వదిలి వచ్చిన నాటి నుంచీ, కాలనీలో ఎవరికి సముద్రం గురించి ఏ సందేహం వచ్చినా నేనే తీర్చాను. సామాన్ల లారీలో దాన్ని కూడా వేసుకొచ్చినంత ధీమాగా మాట్లాడేదాన్ని. పెళ్లయ్యాక నేను దానిలో మునిగింది ఎన్నిసార్లని ఎవరూ అడగలేదు. అడిగితే సున్నా అని చెప్పాల్సి వచ్చేది.

తేదీ పెట్టే పని నాకు అప్పగించారు. అది న్యాయమే. మా ఇంట్లో పంచాంగం నా దగ్గరే ఉంటుంది. గ్యాస్ బండ మార్చిన రోజు, పాలవాడు రాని రోజు, చీటీ పాడిన రోజు అన్నీ క్యాలెండరు మీద రాస్తాను. మా అబ్బాయి తన కారు సర్వీసింగ్ ఎప్పుడయిందో కూడా దాన్ని చూసే తెలుసుకుంటాడు. సముద్రాన్ని ఎప్పుడు పడితే అప్పుడు తాకకూడదు, పర్వదినాల్లోనే స్నానం. మాఘమాసమైతే మరీ మంచిది. మాఘ అమావాస్య చూశాను. ముందురోజు ప్రయాణానికి సరిపోతుంది. ఆ రోజు ఉదయం తొమ్మిదింబావు వరకు అమావాస్య ఉంది. పొద్దున్నే మునిగేస్తే ఎవరూ వేలెత్తి చూపడానికి ఉండదు.

చోటు చూసే పని కోడలిది. తెల్లాపూర్‌లో ఇరవయ్యో అంతస్తులో కాపురం ఉన్న పిల్లకు నేల మీద ఎక్కడైనా అందంగానే కనిపిస్తుంది. నేను మెట్లూ, సత్రమూ, పంతులూ ఉన్న ఊరి పేరు చెప్పాను.

"అక్కడ జాతర లెక్క ఉంటది అత్తమ్మా. అమ్మ ప్రశాంతంగ మునగాలె గద," అంది.

ప్రశాంతం ఫోన్‌లోనే బుక్ అయింది. లాడ్జికి మూడువైపులా మడ అడవి, ఒకవైపు సముద్రం. రోడ్డు లేదు, కరెంటు లేదు, సిగ్నల్ లేదు, టీవీ లేదు. లేనివన్నీ వరసగా రాసి కింద అద్దె వేశారు. ఒక్కొక్కటి లేకపోయేకొద్దీ అద్దె పెరిగినట్టుంది.

చీకటి విడవకముందే అబ్బాయీ, కోడలూ, మేమిద్దరం కారులో బయల్దేరాం. వెనక ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను పెట్టాం. పటాన్‌చెరు ఫ్యాక్టరీల చుట్టుపక్కల కాపురమున్నవాళ్లకు అది అలవాటు. బోరు నీళ్లు గిన్నెలకు, క్యాను నీళ్లు గొంతుకు. ఎక్కడికి వెళ్లినా నేలలోంచి వచ్చిన నీటిని అనుమానించడం మాకు మర్యాద. సాయంత్రానికి ఉప్పుకాలువ గట్టుకు చేరి పడవ ఎక్కబోతుంటే, లాడ్జి మేనేజరు, గడ్డం పెంచిన కుర్రాడు, క్యాను చూసి చేతులు జోడించాడు.

"ప్లాస్టిక్ లోపలికి రాకూడదండి. అక్కడ బావి నీళ్లున్నాయి. నేలలోంచి నేరుగా తోడి ఇస్తాం."

"నేలల్నుంచి నేరుగనా?" మా వియ్యపురాలు ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆ నేల పక్కపొంటి ఏం ఫ్యాక్టరీ ఉన్నదో ఎవరికెరుక బిడ్డా?"

"చుట్టుపక్కల ఎక్కడా ఫ్యాక్టరీ లేదమ్మా."

"మా ఊళ్లె గుడ గట్లనే అన్నరు, పెట్టెదాంక."

క్యాను గట్టు మీది పాకలోనే ఉండిపోయింది. పడవ కదిలాక కూడా ఆవిడ దాన్ని తిరిగి తిరిగి చూసింది.

మాకిచ్చిన గది మట్టి గోడలు, తాటాకు కప్పు. నేను పుట్టింది అలాంటి ఇంట్లోనే. దాని మీద పెంకు వేయించడానికి మా నాన్న సగం జీవితం ఖర్చు పెట్టాడు. బీరంగూడ ఇంటికి స్లాబు వేయించడానికి మా ఆయన కర్మాగారంలో లోను తీసుకుని ఉద్యోగమంతా కట్టాడు. ఇప్పుడు మా అబ్బాయి డబ్బు కట్టి మళ్లీ తాటాకు కిందికి తెచ్చాడు. మరుగుదొడ్డిలో నీళ్లు పోయకూడదట, రంపపుపొట్టు చల్లాలట.

"మా ఊళ్లె దొడ్లు కట్టుకోండ్రని సర్కారోళ్లు ఇంటింటికి తిరిగిండ్రు," అంది వియ్యపురాలు పొట్టు బకెట్టును చూస్తూ. "ఈళ్ల దిక్కు రాలేదా?"

పొద్దుగూకే వేళకు అడవి వైపు నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చింది. ఇద్దరం ఒకేసారి లేచాం. పటాన్‌చెరులో సాయంత్రం గాలి తిరిగి వాసన రాగానే చేసే పనే, కిటికీలు మూయడం. ఇక్కడ కిటికీలకు తలుపులు లేవు, చాపలు వేలాడుతున్నాయి.

"ఫ్యాక్టరీ లేదన్నడు గద వదినా?"

మేనేజరును పిలిచి అడిగాను. అది మడ బురదలోంచి సహజంగా పుట్టే వాయువని గర్వంగా చెప్పాడు. సహజమని తెలిశాక కూడా వాసన అలాగే ఉంది.

పొద్దున అయిదింటికే తయారయ్యాం. ఆవిడ కొత్త నేతచీర కట్టింది. నేను సముద్రుడికి పసుపు, కుంకుమ, రాగి చెంబు సర్దుకున్నాను. సముద్రానికి వెళ్లే కాలిబాటలో రెండు సరుగుడు చెట్ల మధ్య తాడు కట్టి ఉంది. తాడు పక్కన మేనేజరు నిలబడి ఉన్నాడు.

"తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులండి. అటవీశాఖ వాళ్లు పడవలో వచ్చి, గుడ్లున్న చోట్ల కర్రలు పాతి వెళ్లాకే దారి తెరుస్తాం. పది అవుతుంది."

"పది! అమావాస్య తొమ్మిదింబావుకు వెళ్లిపోతుంది నాయనా."

"ఎక్కడికండీ?"

కుర్రాడు వెటకారంగా అడగలేదు. నాకు ఒళ్లు మండింది అందుకే. అయితే అక్కడ తొమ్మిది దాకా మౌనవేళ అట, గట్టిగా మాట్లాడకూడదు. గొడవంతా గుసగుసగా పడాల్సి వచ్చింది. రెండు పొలాల అవతలి మనిషిని పిలవగల మా వియ్యపురాలు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గొణిగింది.

"తాబేలు మీదికి నేను పోతనా బిడ్డా? గీ మోకాళ్లకు అదే నాకంటె ముందు పోతది."

మా అబ్బాయి కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "నిన్న వచ్చినప్పుడే చెప్పారు కదమ్మా."

"చెప్పినప్పుడు తాబేళ్లన్నారు, తాడన్నారా? అవి కూడా మాఘమాసం చూసుకునే వచ్చాయి. వాటికి దారుంది, మనకు లేదు."

కొడుకూ కోడలూ పక్షులను చూసే పడవకు ముందే డబ్బు కట్టారు. మళ్లీ వస్తామని వెళ్లిపోయారు. మేమిద్దరం తాడు దగ్గర మొద్దు మీద కూర్చున్నాం. సముద్రం చెట్ల వెనకే ఉంది, చప్పుడు వినిపిస్తోంది. నా వాచీలో తొమ్మిదింబావు అయింది. అమావాస్య వెళ్లింది, దాని వెంట మాఘమాసమూ వెళ్లింది. ఆ తర్వాత ముప్పావుగంటకు తాడు విప్పారు.

"వదినా, దర్శనం చేసుకుందాం. తాకొద్దు. ఫాల్గుణ పాడ్యమి వచ్చేసింది," అన్నాను.

ఆవిడ అప్పటికే తాడు దాటింది. చేతికర్ర ఇసుకలో దిగిపోతుంటే పీక్కుంటూ నడిచింది. చెట్లు దాటి సముద్రం కనపడగానే నిలబడిపోయింది. నేను దాని గొప్ప గురించి చెప్పాల్సినవి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను.

"ఇంత జాగ ఉత్తగనే ఉంచిండ్రా?" అంది. "ఎవ్వలు ప్లాట్లు కొట్టలే?"

తర్వాత కర్ర కింద పడేసి నా వైపు చెయ్యి చాచింది.

"పట్టుకో వదినా. దిగుదాం."

"తిథి పోయిందని చెప్పాను కదా."

"తిథి పోతె పోయింది. సముద్రమైతె ఈడనే ఉన్నది. వచ్చె అమావాస్యకు నన్ను మంచం మీదికెళ్లి ఎవరు లేపుకొస్తరు? నువ్వు లేపుతవా?"

"శాస్త్రం అనేది ఒకటుంది."

"శాస్త్రం రాసినోనికి మోకాళ్లు మంచిగున్నయేమో!"

చెయ్యి అలాగే చాచి ఉంచింది. చుట్టూ మనుషులు లేరు, అంత డబ్బు పెట్టి కొన్నది దానికే. నేను పట్టుకోకపోతే ఆవిడ నీళ్లదాకా వెళ్లలేదు. పట్టుకుంటే నేనూ తడుస్తాను. తాకకూడని రోజున ఇద్దరు తాకితే తప్పు రెట్టింపవుతుంది, అంతవరకు నా లెక్క సరిగ్గానే ఉంది. పట్టుకున్నాను.

చీలమండలదాకా వెళ్లేసరికి అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుక లాగేసింది. ఆవిడ కూలబడింది. ఆ మోకాళ్లతో లేవలేదు, నేను లేపలేను. పైగా చెయ్యి వదల్లేదు కాబట్టి నేనూ పక్కనే కూర్చున్నాను. ఆవిడకు భయం వేస్తుందనుకున్నాను. పొలం గట్టు మీద అన్నానికి కూర్చున్నట్టు సర్దుకుని, కొంగు నడుముకు దోపుకుంది.

"ఇగ మంత్రం సదువు వదినా. ఉత్తగ మునిగితె బావిల మునిగినట్టుంటది."

సంకల్పం మా ఆయన నోట రోజూ విన్నదే, నాకు కంఠతా వచ్చు. సంవత్సరం పేరు చెప్పాను. ఉత్తరాయణం అన్నాను, శిశిర ఋతువు అన్నాను. ఆ తర్వాత నెల, పక్షం, తిథి పేరు పెట్టి చెప్పాలి. అమావాస్య అంటే అబద్ధం. పాడ్యమి అంటే ఆవిడ చేస్తున్నది స్నానమే కాదని సముద్రుడికి నేనే ఫిర్యాదు చేసినట్టు. పంచాంగం తెరవడానికి బద్ధకించే పురోహితులు ఇక్కడ శుభమాసే, శుభతిథౌ అని దాటేస్తారు. అలా దాటేసిన ఇద్దరిని మా ఇంట్లో పీటల మీదే ఆపి, తిథి చెప్పించాకే ముందుకు పోనిచ్చాను.

"ఆగినవేంది? అల వస్తున్నది!"

"శుభమాసే," అన్నాను. "శుభపక్షే, శుభతిథౌ."

అల వచ్చి ఆవిడ నెత్తి మీదుగా వెళ్లింది. ఉప్పునీళ్లు ఉమ్మి, జుట్టు కళ్ల మీంచి తోసుకుని ఊపిరి పీల్చుకుంది. మేనేజరు ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చి రెక్క పట్టుకోబోయాడు.

"ఆగు బిడ్డా, జెర ఆగు. ఒక్కటే అయ్యింది. మూడన్న కావాలె."

కుర్రాడు నా వైపు చూశాడు. మూడేనని చెప్పాను. రెండోది చిన్నది. మూడోది ఇద్దరి మీదా పడింది.