పక్కవిసురుకు తట్టు ఎంచే కెంచమ్మ

పిక్కిలి ఊరి కెంచమ్మకు మనుషులంటే పెద్ద గౌరవం లేదు. మేకలంటే కొంత ఉంది. తెలియని ఆకు కనబడితే మేక ఆగి వాసన చూస్తుంది, మనిషి ఆ మాత్రం కూడా చెయ్యడని ఆమె ఫిర్యాదు. యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఈ సంగతి ఇంట్లో మొగుడు ఓబప్పకూ, గుట్ట మీద మేకలకూ మాత్రమే చెప్పుకుంది. రాజేంద్రన్ తోటలో పనికి కుదిరాక రోజూ కొత్త రుజువులు దొరకసాగాయి.

రాజేంద్రన్ బెంగుళూరులో ఉద్యోగం మానుకుని వచ్చి, తమిళనాడులో ధర్మపురి దగ్గరి పాపారపట్టి నుంచి పిక్కిలి పోయే దారిలో ఒక మామిడితోటనూ దాని వెనకున్న రాళ్ళగుట్టనూ కలిపి కొన్నాడు. తోటలో నాలుగు గదులు కట్టాడు. గుట్ట మీదా, వాలులోనూ, వాగువంక పక్కనా పద్దెనిమిది చోట్ల ఇనుప గుంజలు పాతి, వాటికి గొలుసులు వేలాడే బుట్టలు బిగించాడు. శని, ఆదివారాల్లో హోసూరు, సేలం, బెంగుళూరుల నుంచి కార్లలో మనుషులు వస్తారు. ప్లాస్టిక్ బిళ్ళలు విసురుతారు. తక్కువ విసుర్లలో బుట్టలో పడేసినవాళ్ళు గెలిచినట్టు. దీన్ని డిస్క్ గోల్ఫ్ అంటారు. ఆ బిళ్ళల్ని కెంచమ్మ తట్లు అంటుంది. వాళ్ళింట్లో అన్నం తినే పళ్ళానికీ అదే మాట.

గడ్డి కొయ్యడం, లంటానా కంప నరకడం, ముళ్ళపొదల్లో పడిన తట్లు ఏరి తేవడం ఆమె పని. మొదటి రోజు ఇంటికి రాగానే ఓబప్ప అడిగాడు.

"దినమంతా ఏం చేసినావు?"

"బాగా సదువుకున్నోళ్ళు తట్లు పారేసినారు. నేను ఏరినాను."

"ఎందుకు పారేస్తారంట?"

"నేను ఏరిచ్చినాక మళ్ళా పారేసేదానికి."

ఓబప్ప మేకలకు నీళ్ళు పెట్టడానికి లేచిపోయాడు.

తోటలో ఆట నేర్పేవాడు మోహన్‌రాజ్. ధర్మపురి టౌనువాడు, రాజేంద్రన్‌కు మేనల్లుడు. మెడలో విజిల్, కళ్ళకు నల్లద్దాలు, మాటకు ముందో ఇంగ్లీషు ముక్క. గేటు పక్కన రేకుల షెడ్డులో తట్లు అమ్మే అర కూడా అతనిదే. ప్రతి తట్టు మీదా నాలుగు అంకెలుంటాయి. ఎంత వేగంగా పోతుంది, ఎంతసేపు తేలుతుంది, మధ్యలో ఎటు వంగుతుంది, చివర్లో ఎంత తిరుగుతుంది అన్నవి ఆ నాలుగూ చెబుతాయి. మోహన్‌రాజ్ వాటిని జాతకం చదివినట్టు చదివేవాడు. అంతా చదివి, వచ్చినవాడు సన్నగా ఉన్నా లావుగా ఉన్నా, జన్మలో మొదటిసారి విసిరేవాడైనా, అందరికీ అన్నిటికంటే వేగమైన తట్టునే చేతిలో పెట్టేవాడు. వాళ్ళు మురిసిపోయి రంగు ఎంచుకునేవాళ్ళు. ఆ తట్లన్నీ తిన్నగా కెంచమ్మ ముళ్ళలోకి వచ్చేవి.

"సైకిలు తొక్కను రానోడికి లారీ ఇస్తాడు, వీడొక ఆట నేర్పే వాద్యారు" అని ఆమె సీమతుమ్మ కింద వంగి గొణుక్కునేది.

ఆ మనుషులు రెండు రకాలుగా విసిరేవాళ్ళు. చెయ్యి రొమ్ముకు అడ్డంగా తెచ్చి, ఒళ్ళంతా తిప్పి విసిరేది ఒకటి. రెండోదాన్ని ఫోర్‌హ్యాండ్ అనేవాళ్ళు. అరచెయ్యి పైకి పెట్టి, రెండు వేళ్ళు తట్టు అంచు లోపల ఆనించి, పక్కనుంచి మణికట్టుతో చిమ్మాలి. అది చూసి కెంచమ్మకు నవ్వొచ్చింది. దారి తప్పిన మేకను మళ్ళించడానికి దాని ముందు రాయి పడేట్టు తను చిన్నప్పటి నుంచీ విసిరేది అలాగే. ఆమె దానికి పక్కవిసురు అని పేరు పెట్టుకుంది. ఇంత మాత్రానికి విజిల్ ఎందుకో, నల్లద్దాలు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఒక సోమవారం తోటలో ఎవరూ లేనప్పుడు, ఏరిన తట్టు ఒకటి తీసుకుని పక్కవిసురు విసిరింది. అది తాగినవాడిలా ఊగి, ఎడమకు బోర్లాపడి, అంచు మీద దొర్లుకుంటూ వంకలోకి పోయింది. కెంచమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. అయినా చెవులు వేడెక్కాయి. తట్టు తెచ్చి మళ్ళీ విసిరింది. మళ్ళీ వంకే.

ఆ పట్టుదలతో వానాకాలమంతా ప్రతి సోమవారమూ విసిరింది. పట్టుకెళ్ళేవాళ్ళు లేక మిగిలిపోయిన తట్లు షెడ్డు వెనక గోనెసంచిలో ఉండేవి. ఒక్కొక్కటే తీసి చూసింది. పక్కవిసురులో తట్టుకు తిరుగుడు తక్కువ, ఊగుడు ఎక్కువ. మణికట్టు కొంచెం తడబడినా తేలికపాటి తట్టు, పైన ఉబ్బుగా ఉన్న తట్టు బోర్లాపడిపోతుంది. పైన చదునుగా, బరువుగా, గట్టి ప్లాస్టిక్‌తో ఉన్నది ఆ తడబాటును ఓర్చుకుని నిలబడి, చివర్లో మాత్రం కుడికి వాలుతుంది. అలాంటిదాన్ని ఆమె మొండి తట్టు అంది. అంచు మరీ వెడల్పయితే పొట్టివేళ్ళకు పట్టు దొరకదు, చేతిలోంచే జారిపోతుంది. ఇంకొక సంగతి కూడా తెలిసింది. రాళ్ళకూ చెట్లకూ కొట్టుకున్న కొద్దీ ఎంత మొండి తట్టయినా మెత్తబడి, మొదట్లో వాలని వైపుకు వాలడం మొదలుపెడుతుంది. దాని మీది అంకెలు మాత్రం కొన్ననాటివే. ఆ అంకెల్నే నమ్ముకున్న మోహన్‌రాజ్ మీద ఆమెకు ఉన్న కాస్త మర్యాద కూడా అక్కడితో పోయింది.

సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో హోసూరు కంపెనీ ఒకటి తన మనుషుల్ని పోటీకి బస్సులో తెచ్చింది. అందులో శివరంజని ఒకతె. ముప్పై ఏళ్ళుంటాయి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల. భుజానికి ఎప్పుడో దెబ్బ తగిలి చెయ్యి రొమ్ముకు అడ్డంగా రాదు, అందుకని పక్కవిసురే విసరాలి. మోహన్‌రాజ్ ఆమెకు గులాబీరంగు తట్టు అమ్మాడు. వేగంలో పదమూడట. ఆడవాళ్ళకు తేలికైనదే మంచిదని కూడా చెప్పాడు.

ఆరో బుట్ట దగ్గర ఎడమ పక్కంతా వంక, వంకంతా సీమతుమ్మ. శివరంజని విసిరింది. గులాబీరంగు తట్టు గాల్లో ఒక్క క్షణం బుద్ధిగా పోయి, ఎడమకు బోర్లాపడి వంకలోకి దిగింది. కెంచమ్మ తెచ్చి ఇచ్చింది. మళ్ళీ వంకలోకే. సాధన కోసమని ఆ పిల్ల అక్కడే నిలబడి విసురుతూనే ఉంది. తొమ్మిదోసారి పైకి వచ్చేసరికి కెంచమ్మ మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. ఆ తరువాత జరిగింది దయతో జరిగింది కాదు. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏమ్మా, నీకు కండ్లుండాయా? ఈ తట్టు నీ చేతి మాట విననంటా ఉంటే, మళ్ళా దానికే మొక్కుకుంటావే!"

శివరంజని బిత్తరపోయింది. "నాకు సరిగ్గా రాలేదక్కా. కోచ్ సార్ మణికట్టు సరిచేసుకోమన్నాడు."

"సరిచేసుకుందువులే, ఆర్నెల్లు పడతాది. అంతవరకూ నేను ముండ్లల్లో కాపురం చెయ్యాల్నా? ఉండు ఆడనే."

షెడ్డు వెనక గోనెసంచి కుమ్మరించి ఒక తట్టు ఏరుకొచ్చింది. బురద రంగు. పైన చదును. వేగం లెక్కలో ఐదో ఆరో, మోహన్‌రాజ్ అరలో అయితే అట్టడుగున పడి ఉండే రకం. బరువు మాత్రం గులాబీదానికంటే ఎక్కువ. శివరంజని చేతిని తిప్పి చూసి, రెండు వేళ్ళూ అంచు లోపల ఆనించింది. వేళ్ళ కొసలు సరిగ్గా అమరాయి.

"ఇది మొండిది. నీ మణికట్టు వణికినా ఇది వణకదు. పరిగెత్తొద్దు, నిలబడే చిమ్ము. బుట్టకు కొంచెం ఎడమకు చూసి వెయ్యి, కడాన అదే కుడికి వస్తాది."

శివరంజని నిలబడి చిమ్మింది. తట్టు ఊగలేదు. బుట్టకు ఎడమగా తిన్నగా పోయి, చివర్లో కుడికి వాలి, గుంజకు నాలుగడుగుల దూరంలో గడ్డి మీద పడింది.

"అక్కా!" అంది శివరంజని.

"ఏం అక్కా? పోయి తెచ్చుకో. అది గడ్డిలోనే ఉండాది."

సాయంత్రానికి ఈ కబురు బస్సంతా పాకింది. ఆ పిల్ల పోటీలో గెలవలేదు, ఏడో స్థానం వచ్చింది. అయినా పోయేముందు రాజేంద్రన్ దగ్గరకు వెళ్ళి, ఈ తోటలో ఆట తెలిసిన మనిషి కెంచమ్మక్క ఒక్కతేనని చెప్పింది. పక్కనే నిలబడ్డ మోహన్‌రాజ్ ఆ తట్టు ఇమ్మని కెంచమ్మకు తనే చెప్పి పంపానన్నాడు. కెంచమ్మ అతని ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు కూడా నల్లద్దాలు తియ్యనివాడితో మాటలు దండగ అనిపించింది.

మరుసటి వారం రాజేంద్రన్ ఆమెను షెడ్డులో అర పక్కన కూర్చోబెట్టాడు. పక్కవిసురు విసిరేవాళ్ళు ఆమెను అడగాలని గేటు దగ్గర పలక కూడా కట్టించాడు. కెంచమ్మ కుర్చీలో కూర్చుంది. ముళ్ళు లేవు, ఎండ లేదు. ఆ సుఖంలో ఆమెకు గర్వం తలకెక్కింది. వచ్చినవాళ్ళందరినీ పైనుంచి కిందికి చూసి, "నీకు మొండిదే" అని చేతిలో పెట్టేది. ఎందుకని అడిగినవాళ్ళను అడిగినందుకే తిట్టేది.

ఒక ఆదివారం తెన్మొళి అనే కాలేజీ పిల్ల వచ్చింది. పుల్లలాంటి చేతులు. కెంచమ్మ ఆమెకూ మొండి తట్టే ఇచ్చింది. పిల్ల బలమంతా పెట్టి విసిరింది. తట్టు పట్టుమని ఇరవై అడుగులు పోకుండానే కుడికి తిరిగి నేలను గుద్దుకుంది. ఐదుసార్లు విసిరింది, ఐదుసార్లూ అంతే.

"అక్కా, మీ తట్టుకు నా మీద కోపమా?" అంది తెన్మొళి నవ్వుతూ.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మోహన్‌రాజ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. కెంచమ్మ తట్టు లాక్కుని అరలో పెట్టేసింది.

ఇంటికి పోయి ఓబప్ప ముందు తన మీదే విరుచుకుపడింది. "ఆ మోహన్‌రాజు అందురికీ లారీ ఇచ్చినాడు, నేను అందురికీ ఎద్దులబండి ఇచ్చినాను. ఏం తేడా? వాడికి నల్లద్దాలుండాయి, నాకు లేవు."

"మొండి మేకను బలంగా ఉండేవోడే ఈడ్చాల," అన్నాడు ఓబప్ప. "బక్కోడికి సాధువు మేకే ఇయ్యాల."

ఆమెకు మొగుడి మీద కోపం వచ్చింది. అతని మాట సరిగ్గా ఉన్నప్పుడల్లా వచ్చే కోపమే అది. మరునాడు సోమవారం. గోనెసంచి ముందు వేసుకుని, కావాలనే చెయ్యి మెత్తగా పెట్టి ఒక్కో తట్టూ విసిరి చూసింది. నెమ్మది చేతికి మొండిది తొందరపడి వాలిపోతుంది. మరీ మెత్తనిది బోర్లాపడుతుంది. రెంటికీ మధ్య, నడిమి బరువులో, తిన్నగా పోయే రకం ఒకటి ఉంది. ఆ తరువాతి ఆదివారం తెన్మొళికి అదే ఇచ్చింది. క్షమించమని మాత్రం అడగలేదు. "పోయిన వారం నాకు తలనొప్పి" అంది.

అప్పటి నుంచి ముందు మూడుసార్లు విసిరించి చూసేది. చెయ్యి ఎంత వేగంగా కదులుతుంది, తట్టు ఎంత ఊగుతుంది, వేళ్ళు ఎంత పొడుగు, ఈ మూడూ చూశాకే అరలో చెయ్యి పెట్టేది. చాలామందికి ఒక్క తట్టు ఇచ్చి, రెండోది అడిగితే పొమ్మనేది. "ముందు దీంతో విసరను నేర్సుకో. సంచి నిండా తట్లుంటే చెయ్యి మారతాదా?" అనేది. సంచులు నింపుకుని ఫొటోలు దిగడానికి వచ్చినవాళ్ళకు ఇది నచ్చలేదు. అమ్మకాలు పడిపోతున్నాయని మోహన్‌రాజ్ తన మామ చెవిలో వేశాడు. రాజేంద్రన్ మొహమాటస్తుడు. కుర్చీ వల్ల నడుము నొప్పి వస్తుందేమోనని అడిగి, మెల్లిగా ఆమెను మళ్ళీ ముళ్ళలోకి పంపాడు.

"నడుము నాది, నొప్పి మీకు తెలిసిందే సారు, మంచిది," అని కెంచమ్మ కొడవలి తీసుకుంది.

కానీ ఆట మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్ళు షెడ్డు దాటి వంక దాకా నడిచి వచ్చేవాళ్ళు. నిలబడి మూడు విసిరేవాళ్ళు, తిట్లు తినేవాళ్ళు, ఏ రకం కావాలో తెలుసుకుని వెళ్ళేవాళ్ళు. శివరంజని నెలకోసారి వచ్చేది. ఇప్పుడు ఆమె సంచిలో మూడు తట్లున్నాయి. మూడోదానికి కెంచమ్మ ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ మరుసటి ఏడాది, వినాయకచవితి వచ్చే ఆవణి నెలలో సేలంలో పెద్ద పోటీ ఉందని, దానికి మోహన్‌రాజ్ పేరు ఇచ్చాడని తెలిసింది. పోటీకి వారం ముందు, అందరూ భోజనాలకు పోయిన వేళ, అతను ఒంటరిగా వంక దగ్గరకు వచ్చాడు. కెంచమ్మ బండ మీద కూర్చుని రాగిముద్ద మూట విప్పుకుంటోంది.

"కెంచమ్మా, ఆడ తొమ్మిది బుట్టలు పక్కవిసురుతోనే వెయ్యాల్నంట. నా తట్లు ఏవీ సరిగా పోతా లేవు. ఒకటి చూసి చెప్తావా?"

"ముందు మూడు వెయ్యండి సారు."

నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని మూడు విసిరాడు. మొండిది ఒకటి, తిన్ననిది ఒకటి, తను అమ్మే పదమూడు వేగం తట్టు ఒకటి. మూడూ ఊగి, మూడూ వంకలో పడ్డాయి. కెంచమ్మ ముద్ద ఒకటి మింగి, చెయ్యి తుడుచుకుంది.

"తట్టులో ఏం లేదు సారు. మీరు మణికట్టు తిప్పేసి, అరచెయ్యి కిందికి పెట్టేస్తా ఉండారు. ఏ తట్టు కొన్నా ఇంతే. పరుగు మానేయండి. ఆ తిన్నగా పోయే తట్టు ఒకటే పెట్టుకోండి. మోచెయ్యి నడుము పక్కనే ఉంచి, దినానికి నూరు చిమ్మండి. వారంలో రాదు. రెండు నెలల్లో వస్తాది."

"పోటీ వారంలో ఉంది కదా."

"అయితే పోటీకి పోయి ఓడిపోయి రండి. ఆమీట మొదలుపెడదాం."

ఆమె చూపు వంక వైపు తిరిగింది. అతని చూపూ అటే వెళ్ళింది. ఎప్పటిలా ఆమె లేచి వెళ్ళి తట్లు తెస్తుందని ఎదురుచూశాడు. కెంచమ్మ రెండో ముద్ద తుంచుకుంది.

మోహన్‌రాజ్ చొక్కా చేతులు కిందికి దించుకుని, బొత్తాలు పెట్టుకుని, తల వంచి సీమతుమ్మలోకి దూరాడు.