పాచికి తీసిన ఫోటోలు

కినత్తుకడవులో బస్సెక్కిన ఒక అవ్వ, ఆ తమిళ ప్రాంతంలో నేను ఫోనులో అమ్మతో తెలుగు మాట్లాడటం విని, పక్కకొచ్చి కూర్చుంది. నా ఒడిలోని ఆకుపచ్చ నీళ్ళ సీసా చూసి, "ఇదేమి కణ్ణు?" అని తమిళంలో ముద్దుగా పిలుస్తూ అడిగింది.

"బావిలో పాచి అవ్వా. మా ల్యాబులో మెషిన్ ఉంది. సన్నటి గొట్టంలో ఈ నీళ్ళు పారుతుంటే, కంటికి ఆనని ఒక్కొక్క పాచి కణానికీ ఫోటో తీస్తుంది."

ఇంతకుముందు తీసినవి ఫోనులో చూపించాను. కొన్ని నెలవంకల్లా ఉన్నాయి, కొన్ని పూసల దండల్లా. అవ్వ కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"తీసినాక ఇవి యాడికి పోతాయి?"

"పారబోస్తాం."

"సరి. మా ఇంట్లోనూ పోయినోళ్ళకే ఫోటో పెట్టేది" అని, సంచిలోని మల్లెల మూరలోంచి ఒక పువ్వు తుంచి ఫోను మీద ఉంచింది.

మెషిన్ వాటిని చంపదని చెప్పబోయి ఆగాను. పారబోసే ముందు బ్లీచింగ్ కలిపేది నేనే.

అవ్వ ఈచనారిలో దిగిపోయింది.

మర్నాడు మెషిన్‌లో సగం నీళ్ళే పోశాను. మిగతా సగం ల్యాబు కిటికీలో పెట్టాను. ఎందుకని ల్యాబు మేడమ్ అడిగితే, సీసాని ఇంకాస్త ఎండ వైపు జరిపాను. ఆ నీళ్ళు ఇంకా పచ్చబడుతూనే ఉన్నాయి.