పొయ్యి గట్టు కింది పళ్ళచక్రం

మా ఆయన అద్దకం మిల్లులో బాయిలర్ దగ్గర పంతొమ్మిదేళ్ళు పనిచేశారు. ఆయన షిఫ్టులోకి అడుగుపెడితే చాలు, "పాస్టరుగారు వస్తున్నారు, బూతులు కట్టిపెట్టండ్రా!" అని ఫోర్‌మన్ ఎగతాళిగా అరిచేవాడట. "ఎందుకులెండి, అవి మానేస్తే మీకు మాటలు కరువైపోతాయి" అని ఈయన నవ్వేసేవారట. ఆయన పోయి రెండు నెలలైంది. చర్చి సంఘంలో వాళ్ళు ఆయన విశ్వాసానికి సాక్ష్యంగా ఏదైనా రాయమన్నారు. నేను కళ్ళారా చూసింది ఒక్క రోజు. అదే రాస్తున్నాను.

మా తమ్ముణ్ణి ఆ బాయిలర్ దగ్గర పనిలో పెట్టించింది ఆయనే. బాయిలర్ మీద ఒక వాల్వు ఉంటుంది. లోపల ఆవిరి మరీ ఎక్కువైతే దానంతటదే లేచి బయటికి వదిలేస్తుంది. అలా వదిలినప్పుడల్లా కింద పని ఆగుతుంది, ఫోర్‌మన్ తిడతాడు. అందుకని తమ్ముడు వాల్వు లేవకుండా దాని కడ్డీకి పాత పళ్ళచక్రం ఒకటి తగిలించేవాడు. షిఫ్టు మారగానే ఈయన తీసేసేవారు.

"ఒరే, ఇది ఆట కాదురా."

"నీకు అన్నిటికీ భయమే బావా!"

పైకి చెబితే వాడి ఉద్యోగం పోతుందని ఈయన ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పొద్దున్నే బాయిలర్ పేలింది. తమ్ముడు దక్కలేదు.

వాల్వు పాడైనా ఫోర్‌మన్ పట్టించుకోలేదని కేసు పెట్టారు. విచారణ తొమ్మిదో రోజున. అన్నాళ్ళూ మా ఆయన కన్ను మూయలేదు. ఎందుకో నాకు తెలుసు. మా పొయ్యి గట్టు కింద, గోనెగుడ్డలో చుట్టి ఆ చక్రం ఉంది. పేలుడుకి కూలిన గోడల ఇటుకల కుప్పలోంచి దాన్ని తీసి తెచ్చింది ఆయనే.

విచారణ రోజు పొద్దున మా అమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

"అల్లుడూ, నిన్ను అబద్ధమాడమన్నానా? నోరు తెరవొద్దంటున్నాను, అంతే. పోయినవాడి మీద నింద వేస్తావా?"

"నింద కాదత్తయ్యా."

"ఆ ఫోర్‌మన్ తిట్లకి భయపడే కదా నా కొడుకు ఆ పని చేసింది!"

"అదీ చెప్తాను. ఇదీ చెప్తాను. చెయ్యని తప్పుకి ఆయన జైలుకి పోతే, రేపు నేను ఏ మొహం పెట్టుకుని ప్రార్థనకి మోకరించను?"

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆ మూట తీసి నా గుడ్డసంచీలో వేసుకున్నాను. వంతెన మీద నుంచి కాలవలో పడేద్దామని. ఆయన వచ్చి పొయ్యి గట్టు కింద చూశారు. వంగి మళ్ళీ చూశారు. నా వైపు తిరిగారు. నేను తోమిన గిన్నెనే తోముతున్నాను. చొక్కా గుండీలు పెట్టుకుని బయల్దేరారు.

వంతెన దాటేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు, మూట పడేసే వీలు చిక్కలేదు. సంచీ బరువుకి భుజం లాగేసింది.

మిల్లు ఆఫీసు గదిలో ఊపిరాడనంత జనం. "వాల్వుకి బరువేమైనా తగిలించారా?" అని అధికారి అడిగాడు. ఆయన ముందు అమ్మ వైపు చూశారు. చెప్పరులే అనుకున్నాను.

"తగిలించాడండీ, మా బావమరిది. పని ఆగితే తిడతారని భయం. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. అది నా తప్పు."

గది భగ్గుమంది. "ఫోర్‌మన్‌కి అమ్ముడుపోయావా పాస్టరూ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అమ్మ గుండెలు బాదుకుంది. ఫోర్‌మన్ నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"రుజువుందా?" అన్నాడు అధికారి.

"ఉండేదండీ. ఇప్పుడు నా దగ్గర లేదు."

"ఏమైంది?"

ఆయన తల వంచుకున్నారు. నా పేరు చెప్పలేదు. చూపైనా నా వైపు తిప్పలేదు. చుట్టూ వాళ్ళు దొంగ, ద్రోహి అంటుంటే అలాగే నిలబడ్డారు.

నేను లేచాను. సంచీ బల్ల మీద పెట్టి చక్రం బయటికి తీశాను. పేలిన బాయిలర్ వాల్వు అక్కడే ఉంటే, అధికారి దాని కడ్డీకి చక్రాన్ని తగిలించి చూశాడు. కడ్డీ మీది అరుగుదలలో సరిగ్గా కూర్చుంది.

"నువ్వు కూడానా?" అంది అమ్మ. నాతో ఆమె అన్న ఆఖరి మాట అదే. పోయేదాకా మళ్ళీ పలకరించలేదు. తెలిసీ చెప్పనందుకు ఆయన ఉద్యోగం పోయింది. కేసు నుంచి బయటపడ్డ ఫోర్‌మన్ మా గడప తొక్కలేదు. కొత్త బాయిలర్ వాల్వుకి మాత్రం ఇనుప జాలీ బిగించి తాళం వేశారని విన్నాం.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చాక నేను ఏడుస్తూ అడిగాను, "మనకేం మిగిలిందండీ?" అని.

"సంచీ తెరిచావు కదే" అన్నారు.

అంటూనే గోడకి జారగిలబడి నిద్రపోయారు. గురక కూడా పెట్టారు. నేను తలుపు దగ్గరగా వేసి, ఎవరూ వచ్చి లేపకుండా గుమ్మంలో కూర్చున్నాను.