జేబెజ్ వద్దన్న డాక్టరు

ఇంగ్లీషు దేశంలోని నార్ఫక్‌లో గ్యారడ్ దొర పొలంలో గుర్రాల నాగలి తోలేవాడు జేబెజ్ థర్కెటిల్. పనిమంతుడు, మొండివాడు. పొలం కూలీకీ ఓటు కావాలని సంఘం పెట్టిన కొత్తలోనే అందులో చేరాడు. ఆ పాపానికి వెనకటి దొర పనిలోంచీ, పనితో ఇచ్చిన ఇంట్లోంచీ ఒకేసారి గెంటేశాడు. చివరికి 1884 చలికాలంలో చట్టం వచ్చింది. కూలీకీ ఓటిచ్చారు. ఒక్క మెలిక మాత్రం మిగిల్చారు. ఊరి పన్నుతో బీదలకు పెట్టే ధర్మఖాతాలో రొట్టె తీసుకున్నా, మందు తీసుకున్నా ఓటు పోతుంది. పెళ్లాంబిడ్డల కోసం తీసుకున్నా అంతే.

ఆ మెలిక జేబెజ్‌కు తప్పనిపించలేదు. “అడుక్కుతినేవాడికి ఓటెందుకయ్యా? ఎవడు రొట్టె పడేస్తే వాడికే వేస్తాడు” అని ప్రార్థన మందిరం మెట్ల మీద గట్టిగా అనేవాడు. గ్యారడ్ దొర అనే మాటా అదే. ఆ సంగతి అతనికి తట్టలేదు.

మరుసటి వసంతంలో, బార్లీ విత్తుతుండగా, ఊరి పిల్లలకు ఒళ్లంతా ఎర్రబారే జ్వరం తగిలింది. పక్కింటి ఏమోస్ బన్ కొడుకు పడ్డాడు. జేబెజ్ కూతురు లెటీ పడింది, చెవిపోటని ఏడ్చింది. ఏమోస్ ధర్మఖాతా డాక్టరును పిలిపించాడు.

“గోడవతలే ఉన్నాడయ్యా డాక్టరు. కేకేస్తే వస్తాడు” అంది జేబెజ్ భార్య కెజాయా.

“వస్తాడు. పోతూ పోతూ నా ఓటు పట్టుకుపోతాడు.”

“నీ ఓటు పిల్ల ఒళ్లు చల్లబరుస్తుందా?”

“జ్వరమేగదే. చెవిపోటుకి ఉల్లిపాయ కాల్చి పెట్టు. మా అమ్మ మమ్మల్నందర్నీ అట్లాగే గట్టెక్కించింది.”

ఏమోస్ గోడ మీంచి తొంగిచూశాడు. “ఒరేయ్, ఓటు ఇయ్యాళ కాకపోతే రేపొస్తది. పిలవరా.”

“నువ్వు అమ్ముకున్నావుగా! ఇక ఊరందర్నీ అమ్ముకోమను.”

ఏమోస్ తల వెనక్కి తీసుకున్నాడు. కెజాయా మొగుడి మాట దాటలేదు. దాటనందుకు తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు.

లెటీ జ్వరం దిగింది. చెవులు మాత్రం చీముపట్టాయి. గడ్డి కోతల నాటికి, పెరట్లో బండి వెనక్కి వస్తుంటే “తప్పుకో, తప్పుకో” అని జేబెజ్ అరుస్తున్నా పిల్ల మట్టిలో గీతలు గీస్తూ కూర్చుంది. పరుగెత్తి లాగేశాడు. ఆటనుకుని పకపకా నవ్వింది. అప్పుడు తెలిసింది అతనికి.

ఆగస్టులో గోధుమ కోతలు. సాయంత్రం అందరూ బీరు, రొట్టె పంచుకుంటుండగా మందిరం బోధకుడు పత్రిక పట్టుకొచ్చాడు. చట్టం మార్చారట. రొట్టె తిన్నవాడికి ఓటు లేదు గానీ, మందు పుచ్చుకున్నవాడికి ఉంటుందట. ఏమోస్ టోపీ గాల్లోకి విసిరాడు.

“మళ్లీ చదవండయ్యా” అన్నాడు జేబెజ్.

చదివాడు.

“అంటే మొన్న వసంతంలో పిలిచినోళ్లకీ...?”

“వాళ్లకీనయ్యా.”

ఆ వైపు కోతల్లో మేస్త్రీ కేకెయ్యందే ఎవడూ కొడవలి ముట్టడు. ఆ సాయంత్రం జేబెజ్ ఒక్కడే లేచి చేలోకి దిగాడు. మేస్త్రీ చూసి, చూడనట్టు రొట్టె తుంచుకున్నాడు.

ఎన్నికలొచ్చాయి. కూలీలు గుర్రాల కొట్టం తలుపు మీద ఓటుచీటీ మీద పెట్టాల్సిన గుణకారం గుర్తు సుద్దతో వేసి సాధన చేశారు. “పెళ్లినాడు సంతకం బదులు నువ్వు గీసిందీ ఇదేగదరా! అప్పుడు ఎవర్ని గెలిపించావు?” “మా అత్తని!” అంటూ ఒకటే నవ్వులు. జేబెజ్ ఆ దరిదాపులకు పోలేదు.

“నేను పోను” అన్నాడు ఇంట్లో.

“పో. నువ్వు తెచ్చుకున్నదేగా” అంది కెజాయా. “పిల్ల చెవులిచ్చి తెచ్చుకున్నావు, ఇప్పుడు పారేస్తానంటావా?”

ఏమోస్ దారిలో ఆగి ఉన్నాడు. జేబెజ్ గొంతు సవరించుకున్నాడు. “ఏమోస్, ఆ రోజు నేనన్న మాట...”

“నడవరా. బురదగా ఉంది, చూసి నడువు.”

ఇద్దరూ వేశారు. ఓటు అంతా ఒక గీత మీద ఇంకో గీత, అంతే. బయటికొచ్చి నిలబడితే జేబెజ్‌కు సంతోషం రాలేదు.

ఆ తర్వాత ఏ ఎన్నికా అతను మానలేదు. ధర్మఖాతా రొట్టె తినేవాళ్లకూ ఓటివ్వాలని సంఘం సభల్లో లేచి అనేవాడు. “నీకు మతిపోయిందిరా, మెట్ల మీద నువ్వేమన్నావు?” అని పాతవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. కూర్చునేవాడు, మళ్లీ సభకు మళ్లీ లేచేవాడు.

లెటీ పెరిగింది. ఎదుటివాళ్ల పెదవుల కదలిక చూసి మాట పట్టడం నేర్చింది. ఒక ఎన్నికల ఉదయం తండ్రి కోటు దులుపుతూ, “ఆడవాళ్లకెలాగూ లేదు గానీ, ఇంతకీ ఈ ఓటు కోసం నువ్వేం చేశావు నాన్నా?” అని అడిగింది.

జేబెజ్ చెప్పాడు. ఒక్క మాట దాచకుండా, మొత్తం చెప్పాడు. ముఖం గోడ వైపు తిప్పుకుని చెప్పాడు.