దించడానికి వీల్లేని లుంగీ

సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో బట్టలు కుట్టే కూర్మయ్య ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చెట్లకు గాటుపెట్టి పాలు తీసే పనికి మన దేశంనుంచి ఓడెక్కి వచ్చినవాడు. తోట ఆఫీసులో చేత్తో తిప్పే కుట్టుమిషను ఒకటి తుప్పు పట్టి మూలపడి ఉంటే, ఆదివారాలు దాన్ని విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, చివరికి కుట్టేలా చేశాడు. చిరిగిన చొక్కా ఒకటి కుట్లు విప్పి ముక్కలు నేలమీద పరిస్తే, చొక్కా ఎలా పుడుతుందో తెలిసింది. ఆ తర్వాత నిక్కరు. ఆ తర్వాత కోటు. మాటలు మాత్రం తక్కువ. ఎవరైనా కొత్త బట్ట చూపించి బాగుందా అని అడిగితే, తిరగేసి లోపలి కుట్టు చూసి ఇచ్చేసేవాడు. అతని మొహం చూసి జవాబు తెలుసుకోవాలి.

భార్య దేవుడమ్మ ఇద్దరి వంతు మాటలూ తనే మాట్లాడేది.

తోట మేనేజరు స్కాట్లండు దొర. ఏడాదికోసారి, నవంబరు ఆఖర్న, ఇపో పట్నం వెళ్ళి తన దేశం వాళ్ళతో విందు చేసుకునేవాడు. ఆ రోజు పంట్లాం మానేసి, నడుం నుంచి మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ ఉన్నిబట్ట కట్టేవాడు. దాన్ని కిల్టు అంటారు. ఒక ఏడు దానికి చిమటలు పడితే బాగుచెయ్యమని కూర్మయ్యకు పంపాడు. కూర్మయ్య ముందు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. గజాలకు గజాల బట్ట వెనకవైపు మడతల్లోకి వెళ్ళిపోయింది. మడత మీద మడత పడినా గడి ఎక్కడా తెగలేదు.

"ఈ మడతలెట్టినోడు మా గొప్పోడు" అన్నాడు. ఆ వారంలో అతను మాట్లాడిన పెద్ద మాట అదే.

మరుసటేడు దొర పని మానుకుని దేశం వెళ్ళిపోతున్నాడు. అప్పటికి ఆయన నడుం ఆ కిల్టులో పట్టడం మానేసింది. దాన్ని కూర్మయ్య చేతిలో పెట్టి, "పెట్టెలో దాచకు, కట్టుకో" అన్నాడు తనకొచ్చిన తమిళంలో. కూర్మయ్య "సరే దొరా" అన్నాడు. సరే దొరా అని తోటలో అందరూ అంటారు. అన్నాక అన్నట్టు చెయ్యాలనుకున్నవాడు కూర్మయ్య ఒక్కడే.

కట్టుకోమన్నాడు, బాగానే ఉంది. ఎన్నాళ్ళకోసారి కట్టుకోవాలో చెప్పలేదు.

మొదట రోజూ కట్టి చూశాడు. ఆ ఎండకు ఉన్ని ఒళ్ళంతా గీరింది. మోకాళ్ళు దోమలకు, పిక్కలు జలగలకు విందయ్యాయి. కాఫీ కొట్టు చీనావాడు అటూ ఇటూ తిరగమని, చూసి, "చాంటిక్ లా" అన్నాడు. అందంగా ఉందని దాని అర్థం. అన్నాక అతను లోపలికెళ్ళి ఎందుకు నవ్వాడో కూర్మయ్య అడగలేదు. కూలీల ఇళ్ళ వరసలో, అంటే లైనులో, ఆడవాళ్ళు దానికి దొర పావడా అని పేరు పెట్టారు.

"సీర కుచ్చిళ్ళు ముందుకెడతారయ్యా" అంది దేవుడమ్మ. "నువ్వేటి ఎనక్కెట్టినావు?"

"కూకుంటే మెత్తగుంటాది" అన్నాడు కూర్మయ్య. అతను చూసుకున్నది అదే.

తర్వాత వాన రోజుల్లో మాత్రం కడదామనుకున్నాడు. తడిసిన ఉన్ని గొర్రె వాసన కొట్టింది. దేవుడమ్మ అన్నం పళ్ళెం గుమ్మం బయట పెట్టింది.

"దొరే ఏడాదికి ఓపాలి కట్టినాడు. నువ్వు దొరకంటే పెద్ద దొరవేటి?"

"ఏడాదికోపాలి కట్టబట్టే కదా సిమటలు తిన్నాయి."

బేరం కుదిరి, ఆదివారం ఒక్కరోజు కట్టుకోవచ్చని తేలింది.

అక్కడితో అయిపోయేదే. కానీ మన మగవాళ్ళకు ఒక అలవాటుంది. పనిలో ఉన్నప్పుడు లుంగీని మోకాళ్ళ పైకి మడిచి కట్టుకుంటాం. పెద్దవాళ్ళో, చుట్టరికం వాళ్ళో ఎదురైతే చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి పోతుంది, మడత వదులుతుంది, లుంగీ పాదాల మీదికి దిగుతుంది. నమస్కారం మరచినా ఊరుకుంటారు గానీ లుంగీ దించకపోతే ఊరుకోరు. కిల్టు ఎప్పుడూ ఎగ్గట్టిన లుంగీలాగే ఉంటుంది. దించుదామంటే దిగదు. లైను పెద్ద వీరాస్వామి రెండు ఆదివారాలు ఓపిక పట్టి, మూడో ఆదివారం నుంచి కూర్మయ్య కనబడితే తల తిప్పుకుని పోవడం మొదలుపెట్టాడు.

దేవుడమ్మ దీనికంతగా దిగులుపడలేదు. ఆమె దిగులు వేరే ఉంది. తల్లీ తండ్రీ సముద్రం అవతల. ఇవతల ఒడ్డున ఆమెను "ఒలే" అని పిలిచే పుట్టింటి మనిషి అన్న తాతబాబు ఒక్కడే. సుంగై సుమున్ దగ్గర కొబ్బరి తోటలో పని. రెండేళ్ళ కిందట కూర్మయ్య అతనికి కుట్టిన కోటు చంకల్లో పట్టేసింది. "కోటు సరిగ్గానే ఉంది బావా, నువ్వే పెరిగినావు" అన్నాడు కూర్మయ్య. అది నిజం కావడంవల్ల తాతబాబు కోపం తగ్గలేదు. అప్పటినుంచి రాకపోకల్లేవు. ఎవరెవరి చేతనో కబుర్లు పంపగా పంపగా, చివరికి అమ్మోరి పండక్కి సోమవారం వస్తానన్నాడు. దేవుడమ్మ అన్నకు పెట్టడానికి కొత్త పులికాట్ గళ్ళ లుంగీ కొని పెట్టెలో దాచింది.

"సోమారం ఆ గళ్ళగుడ్డ నీ ఒంటిమీద కనబడకూడదు" అంది.

"ఆదోరమే కదా కట్టేది" అన్నాడు కూర్మయ్య.

తాతబాబు ఆదివారమే వచ్చేశాడు. చెల్లెల్ని చూడాలని తొందరపడ్డానని చెప్పుకోవడం ఇష్టంలేక, టెలుక్ ఆన్సన్‌లో రైలు ముందే దొరికిందని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. చెప్పే అవసరం రాలేదు. అరుగు మీద కిల్టు కట్టుకుని సూదికి దారం ఎక్కిస్తున్న కూర్మయ్య, బావను చూసి గబుక్కున లేచాడు. చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి పోయింది. అక్కడ మడత లేదు, తోలుపట్టీ ఉంది. చెయ్యి ఆగిపోయి వెనక్కి వచ్చేసింది.

దించడం మరచిపోయినవాణ్ణి క్షమించవచ్చు. దించబోయి మానుకున్నవాణ్ణి ఎలా క్షమిస్తారు?

"ఏటి బావా, ఈడికెందుకులే అనుకున్నావా?" అన్నాడు తాతబాబు.

"ఇది దిగదు బావా."

"గుడ్డ దిగకపోతే మడిసి దిగాల" అని తాతబాబు గుమ్మంలోంచే తిరిగి వీరాస్వామి ఇంటికి పోయాడు. వీరాస్వామి చాప వేసి కూర్చోబెట్టాడు. ఇద్దరి ఫిర్యాదూ ఒకటే కావడంతో కబుర్లకు లోటు లేకపోయింది.

కూర్మయ్య లుంగీ కట్టుకుని, మోకాళ్ళపైకి మడిచి, వీరాస్వామి అరుగు దాకా నడిచి, అక్కడ మర్యాదగా దించాడు.

తాతబాబు చుట్ట పక్కన పెట్టాడు. "లుంగీ అందరూ దించుతారు. నానొచ్చినపుడు నీ ఒంటిమీదున్నది అది కాదు. ఆ పావడా కట్టుకునొచ్చి దించు, నీ గుమ్మం తొక్కుతాను. నేదంటే పండగవగానే రైలెక్కుతాను. మల్ల ఈ దిక్కు సూడను."

కూర్మయ్య ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. దేవుడమ్మ పొయ్యి దగ్గరినుంచి లేవలేదు.

"ఒకడికి గుడ్డ దిగదు, ఒకడికి కోపం దిగదు" అంది. "మద్దిలో నానేటి సెయ్యాల? ఆడు ఎలిపోతే ఈ దేశంలో నాకింకెవులున్నారు?"

తర్వాత ఆమె ఏమీ అనలేదు. ఇద్దరి వంతు మాట్లాడే మనిషి నోరు మూసుకుంటే ఇల్లు ఎలా ఉంటుందో కూర్మయ్యకు అప్పుడు తెలిసింది. సోమవారం తెల్లారగానే మిషను అరుగు మీదికి తెచ్చుకున్నాడు.

"కత్తిరించి పారెయ్ దాన్ని" అంది దేవుడమ్మ.

"ఇంకొకడి పనిది. కత్తెరెట్టను. ఆ పులికాట్ లుంగీ తే."

"అది అన్నకయ్యా."

"అన్నకే వాడతాను."

ఆమె అతని మొహం కాసేపు చూసి, లుంగీ తెచ్చి ఒళ్ళో పడేసింది.

కూర్మయ్య కిల్టులో ఒక్క పోగు తెంచలేదు. లుంగీని నడుంనుంచి పాదాల దాకా వచ్చే లోపలి పావడాలా కుట్టి, కిల్టు నడుం పట్టీకి లోపల కట్టాడు. దాన్ని పైకి చుట్టి నాడాలతో పట్టించి, నాడాలన్నీ ఒకే తాడుకు తెచ్చి, తాడు కొస నడుం దగ్గర జారుముడి వేశాడు. ముడి లాగితే లోపలిది కిందికి దిగాలి. లాగాడు. దిగలేదు. పల్చటి నూలుగుడ్డ ఉన్నిని పట్టుకుని వేలాడింది.

"బరువు సాల్దు" అన్నాడు.

దేవుడమ్మ చెట్ల కిందికి పోయి, ఒడినిండా రబ్బరు గింజలు ఏరుకొచ్చింది. నున్నటివి ఏరి అంచులో వరసగా పెట్టి కుట్టాడు. పోతే పోనీ అని వదిలేసేవాడు కాడు కాబట్టి, కిల్టు గీతకు లుంగీ గీత కలిసేదాకా మళ్ళీ రెండుసార్లు విప్పి కుట్టాడు. కింద ఉండే గుడ్డలో గీతలు ఎవడు చూస్తాడని దేవుడమ్మ అంటే, "దిగినాక సూస్తారు" అన్నాడు.

సాయంత్రం అమ్మోరి ఘటం బయల్దేరే ముందు లైనంతా వీరాస్వామి వాకిట్లోనే ఉంది. కూర్మయ్య కిల్టు కట్టుకుని వచ్చి తాతబాబు ఎదట నిలబడ్డాడు. వెనక దేవుడమ్మ. ఎవరో ఈల వేశారు. తాతబాబు లేవలేదు.

కూర్మయ్య ముడి లాగాడు. గింజలు గలగలమని ముందువైపు గుడ్డ పాదాల మీదికి దిగింది. వెనకవైపు దిగలేదు. ముందు తెర పడిపోయింది గానీ వెనక నాటకం ఇంకా నడుస్తోంది. దేవుడమ్మ ఒంగి అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అప్పుడు చుట్టూ దిగింది.

"దించినాను బావా" అన్నాడు కూర్మయ్య.

తాతబాబు లేచి వచ్చి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి అంచు పట్టుకుని ఊపాడు.

"ఇందులో ఏటున్నాయి?"

"రబ్బరు గింజలు."

"ఎందుకు?"

"దిగడానికి."

తాతబాబు మీసం కదిలింది. అయినా కోపం అంత తొందరగా వదులుకోవడం మర్యాద కాదని, "ఈరాసామి బాబాయికి కూడా దించు" అన్నాడు. కూర్మయ్య మళ్ళీ చుట్టి, ముడేసి, వీరాస్వామి వైపు తిరిగి లాగాడు. ఈసారి చుట్టూ ఒక్కసారే దిగింది. వీరాస్వామి రెండు చేతులూ ఎత్తి దీవించబోయి, దీవెన మధ్యలో పగలబడి నవ్వాడు. ఆ తర్వాత తాతబాబు తన నవ్వును ఆపుకోవలసిన పని లేకపోయింది.

"ఒలే" అన్నాడు చెల్లెలితో, కళ్ళు తుడుచుకుంటూ, "ఏటొండినావు?"

దేవుడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందు నడిచింది. అన్న ఆమె వెనక నడిచాడు. వాళ్ళ వెనక గింజలు గలగలలాడించుకుంటూ కూర్మయ్య.

భోజనాలయ్యాక తాతబాబు తీర్పు చెప్పాడు. "ఇది ఆదోరం ఆదోరం కట్టే గుడ్డ కాదు బావా. సూసినోడికే మల్లమల్ల సూపెడితే ఇలువుండదు. నానొచ్చినపుడు కట్టు."

"నువ్వెన్నాళ్ళకోపాలి వస్తావు?" అంది దేవుడమ్మ వెంటనే.

తాతబాబు కూర్మయ్య వంక చూశాడు. కూర్మయ్య గోడవంక చూశాడు.

"నెలకోపాలి రాకూడదేటి?" అన్నాడు తాతబాబు.

మరుసటి నెల ఒక ఆదివారం పొద్దున్నే, ఎవరూ అడక్కుండానే, దేవుడమ్మ కిల్టు తీసి దులిపి దండెం మీద వేసి నీళ్ళకు పోయింది.

"ఏటే, ఈ రోజు మీ ఆయన పావడా కడతాడా?" అని కుళాయి దగ్గర నవ్వారు.

"మా అన్న వస్తన్నాడు" అని చెప్పి, నీళ్ళబిందె చంకనెత్తుకుంది.