అన్నీ తెలిసిన గొంతు

మొన్న మా చిన్నమ్మాయి చూస్తున్న బొమ్మల సినిమాలో, తెరమీద కనిపించని కథకుడొకడు "పాపం, రాకుమారికి ఆ సంగతి తెలియదు" అని గంభీరంగా పలికాడు. నేను లేచి వరండాలోకి వెళ్లిపోయాను.

తొంభైలలో నేను తెలుగు ఎం.ఏ. చదువుతుండగా, హాస్టల్లో అన్నా అని పిలుచుకునే సీనియర్ ఒకరు మిత్రులతో కలిసి జానపద బొమ్మల చిత్రం తీశారు. అందులో కథకుడు సర్వజ్ఞుడు. రాక్షసుడి గుండెలోని భయం కూడా అతనికి తెలుసు. ఆ కథకుడి మాటలు రాసే పనీ, చదివే పనీ నాకే అప్పగించారు. తార్నాకలో ఒక మేడమీది గదిలో గోడలకు పరుపులు ఆనించి, ఫ్యాను ఆపి చదివించేవారు. ముందు గొంతు రికార్డు చేసి, దాని నిడివిని బట్టి బొమ్మలు గీయడం వారి పద్ధతి. నేను ఊపిరి తీసుకున్నంతసేపూ రాకుమారి గుర్రం ఆగవలసిందే. ఆ అధికారం కొంచెం తలకెక్కిందని ఒప్పుకోవాలి. మెస్సులో పప్పు కూడా గంభీరంగానే అడిగేవాణ్ణి. "నీ గొంతు లేకుంటే సిన్మానే లేదు తమ్మీ" అనేవారు అన్న.

క్యాంపస్‌లో ప్రదర్శన నాడు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా నాన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. ఆ చదువు ఎందుకు పనికొచ్చిందో ఆయనకు వినిపించాలని నా ఆరాటం. దీపాలు ఆరాయి. మాటలు నావి, ఆగిన చోట్లు నావి, గొంతు మాత్రం మరెవరిదో. 'రచన' అని ఉన్న చోట అన్న పేరు పడింది.

ఆట ముగియగానే, నాన్నను కుర్చీలోనే ఉండమని చెప్పి, తలుపు దగ్గర అన్నను నిలదీశాను.

"అరే, నీది బొమ్మలు గీసెతందుకు కొలత తమ్మీ. అన్నీ తెలిసినోడు లాలాగూడ యాసల మాట్లాడితే నవ్వరా?"

"మరి రాసింది నేనే గదన్నా?"

"నేను చెప్తేనే గద రాసినవ్! లైట్ తీస్కో."

అంటే, తొలిరోజు నుంచే ఆయనకు అంతా తెలుసన్నమాట. ఒత్తు తప్పకుండా పలకాలని నెలల తరబడి సాధన చేసిన నాకే తెలియదు.

తిరిగి వెళ్లేసరికి నాన్న లేచి నిలబడి ఉన్నారు. సుత్తుల మోతలో బతికిన ఆ చెవులు అప్పటికే సగం మందగించాయి. నా భుజం తట్టి, "మంచిగ చదివినవ్ బిడ్డా. సగమే ఇనబడ్డది గని, నీ గొంతు నేను గుర్తుపట్టనా?" అన్నారు. నేను తల ఊపాను. బస్సులో పక్క సీటాయనకు కూడా ఆ గొంతు సంగతి చెప్పుకున్నారు.

ఆయన పోయేదాకా నేను నిజం చెప్పలేదు. అన్న చేసిన ద్రోహాన్ని ఏళ్లు కొంత అరగదీశాయి; నేను తల ఊపిన ఆ క్షణాన్ని మాత్రం ఏటికేడు బరువెక్కిస్తున్నాయి.